పంతుళ్లకు పాఠం చెప్పిన సముద్రం
(లూయీ అగాసీ జీవితం)



మేము సత్తెనపల్లి హాస్టల్లో ట్రంకు పెట్టె పెట్టుకుని చదువుకున్న రోజుల్లో సైన్సు పుస్తకంలో నక్షత్ర చేప బొమ్మ ఉండేది. దాన్ని పెన్సిలుతో గీసి, భాగాలు గుర్తించి, మార్కులు కూడా తెచ్చుకున్నాం. కానీ ఆ జీవి పట్టుకుంటే గట్టిగా ఉంటుందా, మెత్తగా ఉంటుందా అంటే మాకు తెలియదు. మాకు పాఠం చెప్పిన మాస్టారికీ తెలియదు. ఆయన కూడా మెట్ట ఊళ్లో పుట్టి, బొమ్మ చూసి చదువుకుని, బొమ్మ చూపించి చెప్పారు. అది ఆయన తప్పు కాదు. మన సత్తెనపల్లికి బాపట్ల దగ్గరి సూర్యలంక సముద్రం సుమారు వంద కిలోమీటర్లే. ఆ వంద కిలోమీటర్లు ఆయన్ని ఎవరూ తీసుకెళ్లలేదు. అందుకే ఆయన మమ్మల్ని తీసుకెళ్లలేకపోయారు.

మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసింది మేమే మొదలు. అమ్మానాన్నలు మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్లి మమ్మల్ని చదివించారు. ఎమ్మెస్సీ జువాలజీలో చేరాకే మొదటిసారి సముద్రపు ఒడ్డున తడి ఇసుకలో చేయి పెట్టి ఒక బతికున్న జీవిని పట్టుకున్నాం. ముందుగా ఉపాధ్యాయులను సముద్రం దగ్గరికి తీసుకెళ్లాలని ఆలోచించి, అందుకోసం ఒక బడి పెట్టిన మనిషి గురించి అప్పుడే చదివాం. ఆయన పేరు లూయీ అగాసీ. ఆయన గొప్పతనం ఎంత ఉందో, ఆయన చేసిన తప్పు కూడా అంత ఉంది. రెండూ చెప్పుకోవాలి.

బాల్యం, విద్యాభ్యాసం

అగాసీ 1807 మే 28న స్విట్జర్లాండులోని మోత్యే అనే చిన్న గ్రామంలో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టరు. తల్లి పేరు రోజ్. ఆమెకు అంతకు ముందు పుట్టిన నలుగురు పిల్లలూ పసితనంలోనే చనిపోయారు. ఊరి పక్కనే సరస్సు ఉండేది. పిల్లవాడు అందులో చేపలు పట్టి, ఇంటి వెనుక ఉన్న రాతి తొట్టిలో వేసి గంటల తరబడి చూస్తూ ఉండేవాడు. ఆ తొట్టే ఆయన మొదటి బడి.

మన ఇళ్లలో లాగే ఆ ఇంట్లో కూడా కొడుకు డాక్టరైతే బతుకుకు ఢోకా ఉండదనుకున్నారు. వాళ్ల మాట కాదనలేక 1830లో వైద్య పట్టా తీసుకున్నాడు. కానీ మనసంతా చేపల మీదే ఉంది. అప్పటికే బ్రెజిల్ నుంచి తెచ్చిన చేపలను వర్ణించి 1829లో పుస్తకం వేశాడు. పారిస్ వెళ్లి ఆ కాలపు మహా శాస్త్రజ్ఞుడు క్యూవియే దగ్గర పనిచేశాడు. హుంబోల్ట్ అభిమానం సంపాదించాడు. 1832లో నూషాతెల్ పట్టణంలో ప్రొఫెసరయ్యాడు. అక్కడే 1833 నుంచి 1843 వరకు శిలాజ చేపల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. వెయ్యికి పైగా జాతుల శిలాజ చేపలను ఆయన వర్ణించాడు.

మంచుయుగం

ఆయనకు ప్రపంచ ఖ్యాతి తెచ్చింది మంచు. ఆల్ప్స్ పర్వతాల్లో హిమానీనదాలు మెల్లగా కదులుతూ బండలను మోసుకొస్తాయని, రాళ్ల మీద గీతలు గీస్తాయని అక్కడి కొండ ప్రజలకు తెలుసు. ఇద్దరు ముగ్గురు శాస్త్రజ్ఞులు కూడా ఆ మాట అన్నారు. అగాసీ మొదట నమ్మలేదు. నమ్మక స్వయంగా వెళ్లి చూశాడు, చూశాక నమ్మాడు. ఒకప్పుడు భూమిలో చాలా భాగాన్ని మంచు కప్పి ఉండేదని 1837లో నూషాతెల్ సభలో ప్రకటించాడు. పెద్దలు నవ్వారు. ఆయన ఆర్ హిమానీనదం మీద ఒక పెద్ద బండ కింద గుడిసె కట్టుకుని, శిష్యులతో వేసవులు గడిపి, మంచు ఎంత జరుగుతోందో కొలిచాడు. తాడు కట్టుకుని మంచు బావిలోకి కూడా దిగాడు. 1840లో పుస్తకం వేశాడు. ఈ రోజు మంచుయుగం గురించి తెలియని సైన్సు విద్యార్థి లేడు.

అమెరికాలో మాస్టారు

1846లో ఉపన్యాసాల కోసం అమెరికా వెళ్లి అక్కడే ఉండిపోయాడు. మరుసటి సంవత్సరం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. 1859లో అక్కడ జంతుశాస్త్ర మ్యూజియం స్థాపించాడు. భార్య చనిపోయాక 1850లో ఎలిజబెత్ కేరీని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఆడపిల్లల చదువు కోసం పాటుపడి తర్వాత ర్యాడ్‌క్లిఫ్ కాలేజీకి మొదటి అధ్యక్షురాలైంది.

ఆయన పాఠం చెప్పే పద్ధతి విచిత్రంగా ఉండేది. శామ్యూల్ స్కడర్ అనే విద్యార్థి పురుగుల గురించి చదువుకుందామని వస్తే, సీసాలోంచి ఒక చేప తీసి రేకు పళ్లెంలో పెట్టి, దీన్ని చూడమని చెప్పి వెళ్లిపోయాడు. స్కడర్ పది నిమిషాల్లో అంతా చూసేశాననుకున్నాడు. మాస్టారు చాలాసేపు రాలేదు. భూతద్దం వాడకూడదు. పుస్తకం చూడకూడదు. విసుగెత్తి బొమ్మ గీయడం మొదలుపెట్టాకే, అంతవరకు కంటికి కనపడనివి కనిపించడం మొదలైంది. అలా మూడు రోజులు ఒకే చేప. ఆ మూడు రోజుల చదువు జీవితమంతా ఉపయోగపడిందని స్కడర్ తర్వాత రాసుకున్నాడు.

పెనికీస్ దీవి

1869లో అగాసీకి పక్షవాతం వంటి జబ్బు చేసింది. కోలుకున్నాక కూడా ఒంట్లో మునుపటి శక్తి లేదు. అయినా 66వ ఏట ఒక కొత్త పని తలపెట్టాడు. పల్లె బడుల్లో సైన్సు చెప్పే ఉపాధ్యాయులకు వేసవి సెలవుల్లో సముద్రం మధ్యనే శిక్షణ ఇవ్వాలన్నది ఆలోచన. డబ్బు లేదు. జాన్ ఆండర్సన్ అనే న్యూయార్క్ పొగాకు వ్యాపారి ఈ సంగతి తెలిసి, పెనికీస్ అనే తన చిన్న దీవిని, 50,000 డాలర్లను విరాళంగా ఇచ్చాడు. పొగాకు వ్యాపారులను ఎరిగిన మన గుంటూరు సీమ వాళ్లకు ఇది ఆశ్చర్యమే.

బడి 1873 జూలై 8న మొదలు కావాలి. ఆ వారం వెళ్లి చూస్తే కట్టడాలు పూర్తి కాలేదు. అగాసీ వడ్రంగులను పిలిచి ఇది లాభం కోసం చేసే పని కాదని, చదువు కోసమని నచ్చజెప్పాడు. వాళ్లు ఆదివారం కూడా పనిచేశారు. గొర్రెలు కట్టే పాకను ఖాళీ చేయించి, నేల వేయించి, దాన్నే ఉపన్యాస మందిరం చేశారు. పైకప్పులో పక్షుల గూళ్లు అలాగే ఉన్నాయి. ఆడవాళ్లు, మగవాళ్లు పడుకునే చోట్లకు మధ్య పడవ తెరచాప గుడ్డ అడ్డం కట్టారు. హాస్టల్లో గదులు చాలక వరండాలో పక్కలు వేసుకున్న మనకు ఆ దృశ్యం ఊహించడం కష్టం కాదు.

సుమారు 50 మంది వచ్చారు. ఆ రోజుల్లో స్త్రీలను కూడా సమానంగా చేర్చుకోవడం మామూలు విషయం కాదు. పొద్దున్నే ఒడ్డున రాళ్ల మధ్య నీటి గుంటల్లో వెతకడం, పడవలో వెళ్లి సముద్రం అడుగున వల ఈడ్చడం, దొరికిన జీవిని తొట్టిలో పెట్టి చూడడం, కోసి చూడడం, బొమ్మ గీయడం, సాయంత్రం పాఠం వినడం. ఇదీ దినచర్య. ముందు జీవిని చూడాలి, తర్వాతే పుస్తకం తెరవాలి. అప్పటిదాకా పుస్తకం చదివి వినిపించిన పంతుళ్లు మళ్లీ విద్యార్థులయ్యారు.

ఆ వేసవి అయిన కొద్ది నెలలకే, 1873 డిసెంబరు 14న అగాసీ కన్నుమూశాడు. ఆయన సమాధి మీద ఆర్ హిమానీనదం నుంచి తెచ్చిన బండను నిలబెట్టారు. కొడుకు అలెగ్జాండర్ 1874లో ఇంకొక్క వేసవి బడి నడిపాడు. తర్వాత మూతపడింది. రెండే వేసవులు. కానీ అక్కడ చదివిన చార్లెస్ విట్మన్ 1888లో వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలకు మొదటి డైరెక్టరయ్యాడు. రెండో వేసవికి వచ్చిన కార్నీలియా క్లాప్ అనే ఉపాధ్యాయురాలు జీవితాంతం అదే పద్ధతిలో ఆడపిల్లలకు పాఠం చెప్పింది.

మరచిపోకూడని మచ్చ

ఇక్కడితో ఆపితే మంచి కథే. కానీ అంబేడ్కర్ పటం కింద కూర్చుని చదువుకున్న మనం ఆపకూడదు.

నల్లజాతి వారు, తెల్లజాతి వారు ఒకే మూలం నుంచి రాలేదని, వారి స్థాయి ఒకటి కాదని అగాసీ ప్రచారం చేశాడు. 1850లో దక్షిణ కరోలినాలో బానిసలుగా ఉన్న ఏడుగురు స్త్రీ పురుషులను బట్టలు విప్పించి ఫోటోలు తీయించాడు, తన వాదానికి రుజువులుగా. ఆ ఏడుగురిలో రెంటీ అనే తండ్రి, డీలియా అనే కూతురు ఉన్నారు. డార్విన్ పరిణామ సిద్ధాంతాన్ని కూడా చివరిదాకా ఒప్పుకోలేదు. చేపను మూడు రోజులు చూడమన్న మనిషి ఎదురుగా ఉన్న మనిషిని ఒక్క నిమిషం సరిగా చూడలేకపోయాడు. ముందే తీర్పు పెట్టుకుని చూశాడు. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే మాటలు మన తాతలు ఈ నేల మీద ఎన్ని విన్నారో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఆ మాటలకు సైన్సు అని పేరు పెడితే ఎంత ప్రమాదమో అగాసీ జీవితం చెబుతుంది.

కాలం జవాబు చెప్పింది. హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జ్ పట్టణంలో ఆయన పేరు పెట్టిన బడికి 1889లో మరియా బాల్డ్విన్ అనే నల్లజాతి ఉపాధ్యాయురాలు ప్రిన్సిపాలయింది. దశాబ్దాల పాటు ఆ బడిని నడిపింది. ఒక విద్యార్థి మొదలుపెట్టిన ప్రయత్నం వల్ల 2002లో ఆ బడికి అగాసీ పేరు తీసేసి ఆమె పేరు పెట్టారు. స్విట్జర్లాండులోని నూషాతెల్‌లో ఆయన పేరున ఉన్న ఆవరణకు కూడా 2019లో తీలో ఫ్రే అనే నల్లజాతి ప్రజాప్రతినిధి పేరు వచ్చింది. రెంటీ వారసురాలినని ఒక మహిళ హార్వర్డ్ మీద 2019లో కేసు వేసి పోరాడింది. 2025లో రాజీ కుదిరి ఆ ఫోటోలను విశ్వవిద్యాలయం వదులుకుంది.

మనం తీసుకోవలసింది

అగాసీ తీర్పును పారేద్దాం. ఆయన పద్ధతిని ఉంచుకుందాం. స్వయంగా చూడు, మళ్లీ చూడు అనే ఆ పద్ధతే ఆయన తప్పును కూడా బయటపెట్టింది.

మన హాస్టల్ నుంచి డీఎస్సీ రాసి టీచర్లయిన అన్నలు, అక్కలు ఉన్నారు. వారికి మా మనవి ఒకటే. సెలవుల్లో పదిమంది సైన్సు టీచర్లు కలిసి ఒక్క రోజు సూర్యలంక వెళ్లండి. నీరు వెనక్కి తగ్గే ఆటు వేళ చూసుకుని వెళ్లండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు ఎక్కువ దూరం తగ్గుతుంది. లోతుకు దిగవద్దు, అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లున్నారు. జెల్లీ చేపను ఒట్టి చేత్తో ముట్టవద్దు. పీత బొరియ దగ్గరో, ఆల్చిప్ప దగ్గరో గంటసేపు కూర్చుని చూడండి. బొమ్మ గీయండి. చూశాక జీవిని ఎక్కడిదక్కడ వదలండి. తెలియనిది వలలు బాగుచేసుకునే మత్స్యకారులను అడగండి. వాళ్లకు తెలిసినంత పుస్తకాల్లో లేదు.

అంతదూరం వెళ్లలేకపోతే ఇంకొక మాట. పిడుగురాళ్ల బట్టీల్లో కాలే సున్నపురాయి, మనం అన్నం పళ్లెం పెట్టుకుని కూర్చున్న పల్నాటి నాపరాయి కోట్ల సంవత్సరాల కిందట లోతులేని సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నవే. సముద్రం మనకు దూరంగా లేదు. చూపించే మాస్టారు కావాలి. ఆ మాస్టారికి ముందుగా ఎవరైనా చూపించాలి.

మాకు ఉద్యోగం వచ్చిన మొదటి వేసవిలో ఆ బస్సు ఖర్చులో మా వంతు మేమే పెట్టుకుంటామని ఈ సంచిక సాక్షిగా మాట ఇస్తున్నాం.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (జువాలజీ)