హకీం ఇబ్నె సీనా: తెలిసీ పాటించకపోతే...

యునానీ వైద్యులు 'షేఖుర్రయీస్' అని గౌరవంగా పిలుచుకునే అబూ అలీ ఇబ్నె సీనా పేరు విననివారు మన ఇళ్ళలో తక్కువ. ఆయన వైద్య పాండిత్యాన్ని గర్వంగా చెప్పుకుంటాం. కాని ఆయన ఏ జబ్బుతో, ఎలా మరణించారో తెలిసినవారు కొద్దిమందే. నిజానికి మనం నేర్చుకోవలసిన పాఠం అక్కడే ఉంది.

ఆయన హిజ్రీ 370 (క్రీ.శ. 980)లో బుఖారా సమీపంలోని అఫ్షనా గ్రామంలో జన్మించారు. పదేళ్ళకే దివ్యఖుర్ఆన్ కంఠస్థం చేశారు. ఇరవై ఏళ్ళయినా నిండకముందే సామానీ పాలకుడు నూహ్ బిన్ మన్సూర్‌కు చికిత్స చేసే వైద్యులలో ఒకరయ్యారు. అందుకు ప్రతిఫలంగా రాజ గ్రంథాలయంలో చదువుకునే అనుమతి లభించింది.

ఆయన తత్వశాస్త్ర భావాలలో కొన్నింటిని ఇమామ్ గజాలీ (రహ్మలై) వంటి పండితులు గట్టిగా ఖండించారు. కాని వైద్యంలో ఆయన స్థానం వేరు. ఆయన వ్రాసిన 'అల్ ఖానూన్' అయిదు భాగాల గ్రంథం. అది 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి వెళ్ళి, కొన్ని వందల ఏళ్ళు ఐరోపా విద్యాలయాలలో పాఠ్యగ్రంథంగా ఉంది. జబ్బులకు మందులే కాదు, జబ్బు రాకుండా ఎలా జీవించాలో కూడా అందులో వివరించారు. గాలి, అన్నపానాలు, శరీర శ్రమ - విశ్రాంతి, మనసు ఉద్వేగం - ప్రశాంతత, నిద్ర - మెలకువ, మలినాల విసర్జన - ఈ ఆరింటినీ సమతూకంలో ఉంచుకోవాలన్నారు. ఆరోగ్య రక్షణలో వ్యాయామానికి మొదటి స్థానం ఇచ్చారు. ఆకలి వేసినప్పుడే తినాలని, ఇంకాస్త ఆకలి ఉండగానే చేయి కడుక్కోవాలని బోధించారు.

హమదాన్ పాలకుడు షమ్సుద్దౌలాకు ఖూలంజ్ వ్యాధి వచ్చింది. అంటే పేగులను మెలిపెట్టే తీవ్రమైన కడుపునొప్పి. ఇబ్నె సీనా దాన్ని నయం చేసి, ఆ పాలకునికి మంత్రి అయ్యారు. ఆ తరువాత ఒక కోటలో ఖైదీగా ఉన్న రోజుల్లో ఖూలంజ్ గురించే ఒక పుస్తకం వ్రాశారు.

మరి ఆయన దినచర్య ఎలా ఉండేది? పగలంతా రాజకార్యాలు. రాత్రి శిష్యులకు పాఠాలు, గ్రంథరచన. ఆ తరువాత మద్యంతో కూడిన వినోదాలు. శరీర వాంఛలలోనూ మితం లేదు. ఇవన్నీ విరోధులు కల్పించినవి కావు, ఆయన వెంటే ఉన్న శిష్యుడు జుజ్జానీ వ్రాసిపెట్టినవి.

చివరికి ఇస్ఫహాన్ పాలకుడు అలావుద్దౌలాతో దండయాత్రలో ఉండగా ఆ ఖూలంజే ఆయనను పట్టుకుంది. సైన్యం వెనుదిరిగితే తాను వెనుకబడిపోతానన్న భయంతో, త్వరగా తగ్గాలని ఒకే రోజు ఎనిమిది సార్లు ఎనిమా చేసుకున్నారు. పేగులు పుండ్లు పడ్డాయి. కాస్త కోలుకున్నా పథ్యం పాటించలేదు. జబ్బు తగ్గుతూ తిరగబెడుతూ వచ్చింది. ఇక శరీరంలో శక్తి మిగలలేదని గ్రహించి చికిత్స మానివేశారు. పశ్చాత్తాపపడి దానధర్మాలు చేశారని, బానిసలకు విముక్తి కలిగించారని, మూడు రోజులకొకసారి ఖుర్ఆన్ పారాయణం పూర్తి చేసేవారని చరిత్రకారులు వ్రాశారు. హిజ్రీ 428 (క్రీ.శ. 1037) రమజాన్ మాసంలో హమదాన్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు 57 ఏళ్ళు.

సోదర సోదరీమణులారా! చావు పుట్టుకలు అల్లాహ్ చేతిలో ఉన్నాయి. ఆయనను తప్పుపట్టడానికి మేము ఇది వ్రాయడం లేదు. మదర్సాలో అర్ధరాత్రి దాకా మేలుకొని, దేహానికి కూడా మనపై హక్కుందన్న హదీసును కంఠస్థం చేసినవాళ్ళమే మేము. ఆ మేలుకోవడమే ఆ హక్కును కాజేయడమని అప్పుడు తోచలేదు. మన ఇళ్ళలోనూ ఇదే జరుగుతోంది. షుగరు ఉన్నవారికి తీపి తగదని తెలుసు. పెళ్ళి దావత్‌లో ఒక్క రోజుకేం అనుకుంటాం. రాత్రి పదకొండుకు కడుపు నిండా తిని పడుకుంటాం. ఫజ్ర్‌కు లేవలేకపోతాం.

తెలిసినవాటిలో ఒక్కటైనా ఈ రోజే మొదలుపెడదాం. రాత్రి భోజనం ఇషాకు ముందే ముగిద్దాం. మస్జిద్‌కు నడిచి వెళదాం. వైద్యుడు చెప్పిన పథ్యాన్ని జబ్బు తగ్గాక కూడా కొనసాగిద్దాం. తెలిసినదాన్ని ఆచరించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.