యల్లాప్రగడ సుబ్బారావు: మందుబిళ్ళ వెనుక ఉన్న మనిషి

జహీరాబాద్ చుట్టుపక్కల మన సంఘాల్లో గర్భవతులైన సహోదరీలు ప్రభుత్వ దవాఖానా నుండి ఐరన్, ఫోలిక్ మాత్రలు తెచ్చుకుంటారు. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు మింగించారు. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లవాణ్ణి హైదరాబాద్ పెద్దాసుపత్రికి తీసుకువెళితే డాక్టర్లు రాసే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఈ మూడింటి వెనుకా ఒక తెలుగువాని శ్రమ ఉంది. ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. మన బిడ్డలకు ఆయన పేరు తెలియకుండా పోకూడదని ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందుంచుతున్నాము.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి చిన్న ఉద్యోగి, త్వరగానే కన్నుమూశారు. తల్లి వెంకమ్మ పట్టుదల వల్లనే చదువు సాగింది. ఆయనేమీ బడిలో మొదటివాడు కాదు. మెట్రిక్ పరీక్ష మూడవసారి గాని దాటలేదు. సన్యాసిగా రామకృష్ణ మఠంలో చేరాలని ఆశపడితే తల్లి ఒప్పుకోలేదు. చివరకు మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టుకొని ఆపరేషన్ గదికి వెళ్ళినందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఆ కారణంగా పూర్తి ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

ఆయన కుటుంబాన్ని మరణం విడిచిపెట్టలేదు. సోదరుని స్ప్రూ అనే జబ్బు పొట్టనబెట్టుకుంది. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో, రక్తం తగ్గిపోయి మనిషి కృశించిపోయే జబ్బు అది. ఆనాటి వైద్యుల దగ్గర దానికి సరైన మందు లేదు.

1922 అక్టోబరులో ఆయన బోస్టన్‌లో దిగారు. ప్రయాణ ఖర్చులో మామగారి సాయం ఉంది. అక్కడి డాక్టరుగా పనిచేసే అర్హత లేక, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఉన్న ఫాస్పరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. కండరం కదలడానికి శక్తి ఎక్కడినుండి వస్తుందో తెలిపే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని కూడా ఆ ప్రయోగశాలలోనే గుర్తించారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు మారి, అక్కడి పరిశోధన బృందానికి నాయకుడయ్యారు.

అంతకు పదేళ్ళ ముందే బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, రక్తహీనతతో బాధపడే గర్భవతులకు ఈస్టు సారం ఇస్తే కోలుకుంటున్నారని గమనించింది. ఆ సారంలో ఉన్న పదార్థమే ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావు బృందం దానిని ప్రయోగశాలలో తయారుచేసి 1945లో ప్రకటించింది. అది స్ప్రూ రోగులకు కూడా పనిచేసింది. సోదరుని కాపాడలేకపోయిన మనిషి చేతుల మీదుగా, పాతికేళ్ళ తరువాత, ఆ జబ్బుకు మందు వచ్చింది. బోదకాలుకు వాడే డీఈసీ కూడా అదే ప్రయోగశాల నుండి 1947లో వెలువడింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ అక్కడే మట్టిలోని సూక్ష్మజీవి నుండి తీశారు.

ఇప్పుడు చెప్పబోయేది ఒక ఓటమి గురించి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఫోలిక్ ఆమ్లం జాతి మందులు ఇచ్చి చూశారు. రోగం తగ్గలేదు సరికదా, ఇంకా వేగంగా పెరిగింది. కణం రెండుగా విడిపోవడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి, క్యాన్సర్ కణాలకు అది మరీ ఎక్కువ కావాలి. అలాగైతే ఆ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనికి అడ్డుపడే పదార్థం ఇస్తే ఏమవుతుంది? సుబ్బారావు బృందం అలాంటి పదార్థాలు తయారుచేసి ఫార్బర్‌కు పంపింది. వాటిలో అమినోప్టెరిన్ తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం రోగం తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. అది శాశ్వత స్వస్థత కాదు, కొద్ది నెలల ఊరట. అయినా, వారాల్లో చనిపోతారనుకున్న పిల్లలు లేచి ఆడుకున్నారు. మెథోట్రెక్సేట్ ఆ మందుకు తోబుట్టువు. కీళ్ళవాతం నొప్పికి కూడా డాక్టర్లు ఇప్పుడు దానిని తక్కువ మోతాదులో, వారానికి ఒకసారి మాత్రమే వాడమని రాస్తారు.

ఆ వ్యాసంలో రచయితల వరుసలో సుబ్బారావు పేరు లేదు. ఆయనకు పేరు మీద మోజు లేదు, తోటివారి పేర్లు ముందుంచేవారు. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ళకు, నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. స్వదేశంలో ఆయన పేరుతో తపాలా బిళ్ళ వచ్చింది 1995లో.

ఈ జీవితానికి మరో వైపు ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఆయన వెళ్ళేనాటికి భార్య శేషగిరి గర్భవతి. పుట్టిన మగబిడ్డ పసితనంలోనే పోయాడు, తండ్రి ఆ ముఖం చూడలేదు. ఆయన తిరిగి రాలేదు. ఆమె జీవితమంతా ఎదురుచూపుగానే గడిచింది. లోకానికి మేలు జరిగింది, ఆ మేలు ఖరీదులో కొంత ఆ తల్లి చెల్లించింది. సేవ పేరుతో ఇంటివారిని మరచిపోయే మనవంటివారు కూడా దీనిని ఆలోచించాలి.

సుబ్బారావు మన విశ్వాసానికి చెందినవారు కారు. అయినా ఆయన శ్రమ ఫలాన్ని మన పిల్లలు అనుభవిస్తున్నారు, దాని కోసం దేవునికి కృతజ్ఞత చెప్పడంలో మనకు ఏ అడ్డూ లేదు. ఈనాడు పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కు, పూర్తి చికిత్స అందితే, సంపన్న దేశాల్లో పదిమందిలో ఎనిమిదిమందికి పైగా బతుకుతున్నారు. మన దేశంలో ఈ సంఖ్య తగ్గడానికి ఒక కారణం చికిత్స మధ్యలో మానేయడం. ఆ చికిత్స రెండు మూడేళ్ళు సాగుతుంది. కొంచెం నయమవగానే మందు ఆపేవారున్నారు, బస్సు ఖర్చులకు లేక ఆపేవారున్నారు, ఇక ప్రార్థన చాలని ఎవరో చెప్పగా ఆపేవారున్నారు. ప్రార్థన మందుకు శత్రువు కాదు. లూకా వైద్యుడై ఉండి కూడా పౌలుకు తోడుగా నడిచాడు.

కాబట్టి సంఘ పెద్దలకు మా మనవి ఒకటే. మీ సంఘంలో ఇలాంటి బిడ్డ ఉంటే, ఆ తల్లిదండ్రులు హైదరాబాద్ వెళ్ళిన ప్రతిసారీ దారిఖర్చులో కొంత భరించండి. ఇంట్లో మిగిలిన పిల్లలకు అన్నం పెట్టండి. డాక్టరు ఆపమనేదాకా మందు ఆగకుండా చూడండి.