లెక్క తప్పినా దారి తప్పని ఇంజనీరు: సర్ అలెక్ ఇసిగోనిస్

పరీక్షలో ఒకసారి తప్పిన విద్యార్థి తన బ్రతుకే తప్పిపోయినదని కుమిలిపోవడం కళాశాలలలో ఏటా కనబడే దృశ్యమే. గణితంలో మూడుసార్లు తప్పి, పిమ్మట చిన్నకార్ల నిర్మాణరీతినే మార్చివేసిన ఒక ఇంజనీరు చరిత్ర అట్టివారు తెలుసుకొనదగినది. ఆయనే సర్ అలెక్ ఇసిగోనిస్.

1906 నవంబరు 18వ తేదీన ఒట్టోమన్ సామ్రాజ్యంలోని స్మిర్నా రేవుపట్టణంలో, అనగా నేటి టర్కీలోని ఇజ్మీర్‌లో, ఆయన జన్మించారు. తండ్రి బ్రిటిష్ పౌరసత్వం గల గ్రీకు. ఓడల యంత్రాలకు సంబంధించిన వ్యాపారం ఆయనది. తల్లి జర్మన్ మూలాలు గల కుటుంబానికి చెందినది. 1922లో గ్రీకు, తుర్కీ యుద్ధజ్వాలలు ఆ పట్టణాన్ని చుట్టుముట్టగా, బ్రిటిష్ నౌకాదళం వారి సహాయంతో ఆ కుటుంబం మాల్టా దీవికి చేరింది. ఆస్తి పోయింది. అనతికాలంలోనే తండ్రి కన్నుమూశారు. తల్లీ కొడుకులు 1923లో లండను చేరుకున్నారు.

అక్కడ బాటర్‌సీ పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగు విద్యలో చేరిన ఆ యువకునికి చిత్రలేఖనం కరతలామలకం. గణితం మాత్రం కొరకరాని కొయ్య. మూడు పర్యాయాలు ఆ పరీక్షలో తప్పినా, ఎట్టకేలకు డిప్లొమా సంపాదించి ఉద్యోగంలో ప్రవేశించారు. ఆయనకు నిజమైన పాఠశాల అయినది మాత్రం ఒక చిన్న ఆస్టిన్ సెవెన్ కారు.

1930 ప్రాంతంలో ఆయన ఆ కారుతో కొండదారి పందాలలోను, కాలంతో పోటీపడే చిన్న పరుగులలోను పాల్గొనసాగారు. అట్టి పందాలలో ఇంజను బలం ఒక్కటే చాలదు. మలుపులో చక్రాలు నేలను విడువరాదు. చేతిలోని స్టీరింగు చెప్పిన దిక్కునకే బండి తిరగాలి. ఆస్టిన్ సెవెన్‌లో ఈ రెండూ కష్టమే. దాని ముందు చక్రాలు రెండింటినీ ఒకే ఇరుసు కలుపుతుంది. దానిపై అడ్డంగా ఒక కమాను కట్ట ఉంటుంది. ఒక చక్రం గతుకు ఎక్కినంతనే ఇరుసు మొత్తం ఒరిగి, రెండవ చక్రం కూడా వంగుతుంది. ఆ కుదుపు స్టీరింగుకు తగులుతుంది. మలుపులో బండి ఒరిగినప్పుడు వెనుక ఇరుసు కూడా కొద్దిగా పక్కకు మళ్లి, తోక బయటకు జారుతుంది. ఇసిగోనిస్ ఈ లోపాలను గమనించి, తన కారు ముందుభాగాన్ని స్వయంగా మార్చి కట్టుకున్నారు.

అంతటితో తృప్తి చెందక, జార్జ్ డౌసన్ అనే మిత్రునితో కలిసి కొన్ని సంవత్సరాలు శ్రమించి, 1939 నాటికి లైట్‌వెయిట్ స్పెషల్ అనే పందెపు కారును నిర్మించారు. దాని శరీరం అల్యూమినియం రేకు అతికిన ప్లైవుడ్. నాలుగు చక్రాలూ దేనికది విడిగా కదులుతాయి. ఉక్కు స్ప్రింగులకు బదులు రబ్బరు. కారు తేలిక అయినకొద్దీ మలుపులో దానిని నిలుపుట సులభమని, చక్రం తన పని తాను చేసుకొంటే స్టీరింగు స్థిరంగా ఉంటుందని ఆయన చేతులు నేర్చుకున్న పాఠం ఇది.

1936లోనే మోరిస్ సంస్థలో చేరిన ఆయన ఈ పాఠాన్ని సామాన్యుని కారుకు వర్తింపజేశారు. 1948లో వెలువడిన మోరిస్ మైనర్‌లో ముందు చక్రాలకు మెలితిరిగే ఉక్కు కడ్డీలను స్ప్రింగులుగా వాడారు. స్టీరింగుకు పళ్లకడ్డీని, పళ్లచక్రాన్ని జతపరచి ఆటను తగ్గించారు. ఇంజనును బాగా ముందుకు జరిపి బండికి నిలకడ తెచ్చారు. తుదిదశలో వెడల్పు చాలదని తోచగా, నమూనా కారును నిలువునా రెండుగా కోయించి, మధ్య నాలుగు అంగుళాలు చేర్పించారట! పది లక్షలకు మించి అమ్ముడైన మొదటి బ్రిటిష్ కారు అదే. ఆనాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోను ఇదే పద్ధతి ఉండెను. ఆ ఆక్స్‌ఫర్డ్ వంశంలో పుట్టినదే 2014 వరకు మన దేశంలో తయారై, మన వీథులలో తిరిగిన అంబాసిడర్.

1956లో సూయజ్ సంక్షోభంవల్ల బ్రిటనులో పెట్రోలు కరవైనప్పుడు, చిన్నకారు నిర్మించే భారం ఆయనపై పడింది. 1959 ఆగస్టులో మినీ జన్మించింది. పొడవు పది అడుగులు, చక్రాలు పది అంగుళాలవి, ఇంజను అడ్డంగా. రబ్బరు స్ప్రింగులను రూపొందించినవారు అలెక్స్ మౌల్టన్. పందాల కోసం కాదని ఇసిగోనిస్ భావించిన ఆ కారే 1964, 1965, 1967 సంవత్సరాలలో మాంటీ కార్లో ర్యాలీలో విజయం సాధించింది. మలుపులలో అది నేలను పట్టిన తీరులో ఆనాటి లైట్‌వెయిట్ స్పెషల్ జాడ కనబడుతుంది.

1967లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1969లో సర్ బిరుదు ఆయనను వరించాయి. అయితే ఆయనలో లోపాలు లేకపోలేదు. ఇతరుల మాట వినడం ఆయనకు రుచించేది కాదు. 1969 నాటి మాక్సీ కారు ఆశించిన ఆదరణ పొందలేదు. సంస్థలో ఆయన ప్రాభవం తగ్గింది. 1971లో పదవీవిరమణ చేసి, 1988 అక్టోబరు 2న పరమపదించారు.

గణితం అనవసరమని ఈ చరిత్ర చెప్పుటలేదు. ఆయనకు కొరవడిన శాస్త్రీయ గణనను మౌల్టన్ వంటి సహచరులు సమకూర్చారు. అయితే ఒక పరీక్ష మనిషిలోని ప్రతిభనంతటినీ కొలువజాలదని మాత్రం నిస్సంశయంగా చెప్పవచ్చును. ఇల్లు, ఆస్తి, తండ్రి, మాతృభూమి అన్నీ కోల్పోయి, ఆపై పరీక్షలలోను తప్పిన ఒక బాలుడు పాతకారు క్రింద పడుకొని నేర్చిన విద్య లోకానికి ఉపకరించినది. తప్పిన విద్యార్థి ఈ మాట మరువరాదు. అతనిని చూచే పెద్దలూ మరువరాదు.