లక్ష్మణరావు పంతులుగారు: సభ్యులే సంఘమునకు ప్రాణము

మునేటి యొడ్డున పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు బాల్యముననే తండ్రిని గోల్పోయి, అక్క భండారు అచ్చమాంబగారి యండన నాగపురమున పెరిగి విద్య నార్జించిరి. మహారాష్ట్రుల చరిత్రాభిమానము ఆయనకు చిన్ననాటనే పట్టువడెను.

మునగాల సంస్థానమున దివానుగిరి వారి జీవనోపాధి. మనస్సు మాత్రము దేశభాషాసేవయందే. 1901లో హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారు మొదలగు మిత్రులతో గూడి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలి చందాదారుల యండతో చరిత్రములను, శాస్త్రగ్రంథములను ప్రకటించెను. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము అట్లు వెలువడినదే.

ఆంధ్ర విజ్ఞానసర్వస్వము మాట వేఱు. సహాయకులున్నను భారమంతయు పంతులుగారి భుజములపైనే యుండెను. మూడు సంపుటములు వెలువడినను కార్యము ముగియకమునుపే, 1923లో, నలువదియాఱవ యేట వారు స్వర్గస్థులైరి. పని యాగిపోయెను. పిదప కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని మరల పూనవలసివచ్చెను.

పలువురు పట్టిన భాషానిలయము స్థాపకుల యనంతరమును నేటికిని నిలిచియున్నది. ఒక్కరిపై నానిన కార్యము ఆ యొక్కరితోనే కుంటువడినది. ఇందలి పాఠము మనకే. మన గ్రామములలో శాసనశిలలు ఎండవానలకు అరిగిపోవుచున్నవి. తాటాకు గ్రంథములు అటుకలపై చెదలపాలగుచున్నవి. మీ యూరి చరిత్రసంఘమునకు చందా పంపి యూరకుండుట చాలదు. సమావేశమునకు రండు, ఒక శాసనమునకైనను నకలు తీయుడు, ఇంటనున్న యొక గ్రంథమునైనను చూపుడు. పంతులుగారి ఋణము తీర్చుకొను మార్గ మిదియే.