రాజ్యము పోయిన రాజు – 360 ముక్కల పేక

కళాశాల వార్షిక సంచికలో పేకముక్కల ప్రసంగమేమని కమిటీ పెద్దలు కనుబొమలు ముడుచుకొనవచ్చును. జూదము మాకును సమ్మతము కాదు. మేము చెప్పబోవునది పందెముల కథ కాదు. రాజ్యము చేజారిన పిదప ఒక రాజు పాత శ్లోకములను, చిత్రములను, ఆటముక్కలను ఏరి కూర్చుకొని బ్రతికిన కథ. ఆయన మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు.

మైసూరు మన సీమకు పరాయిది కాదు. హైదర్ అలీ కాలమున కడప, సిద్ధవటములు మైసూరు ఏలుబడిలోనికి పోయినవి. 1792, 1799 యుద్ధముల పిదప ఈ ప్రాంతములు నిజాము వంతునకు వచ్చి, 1800లో ఆయన చేత కుంపినీవారికి ఇవ్వబడినవి. దత్తమండలములను పేరు అట్లు వచ్చినదే.

కృష్ణరాజు 1794 జులై 14న జన్మించినాడు. రెండేండ్లకే తండ్రి గతించినాడు. 1799 మే 4న శ్రీరంగపట్టణమున టిప్పు సుల్తాను యుద్ధము చేయుచు నేలకొరిగిన నాటికి ఈ బాలునికి ఐదేండ్లు నిండలేదు. ఆంగ్లేయులు జూన్ 30న ఆ పసివానిని సింహాసనమెక్కించినారు. రాణి లక్ష్మమ్మణ్ణి సంరక్షకురాలు. నిన్నటివరకు టిప్పు కొలువులోనుండిన పూర్ణయ్యయే దివాను. 1811లో పాలన బాలుని చేతికి వచ్చినది.

ఆ పిదప ఇరువది ఏండ్ల పాలనను మేము పొగడజాలము. దానములు ఎక్కువ, కొలువు ఖర్చులు అంతకంటె ఎక్కువ. బొక్కసము తరుగుచుండ పన్నులు బరువైనవి. 1830లో నగర ప్రాంతపు రైతులు తిరగబడినారు. అదనుగా గవర్నర్ జనరల్ బెంటింకు 1831లో పాలన మొత్తము లాగుకొన్నాడు. రాజు తప్పు కొంత ఉన్నమాట నిజమే. ఆ తప్పునకు ముప్పది ఏడేండ్ల శిక్ష తగునా అన్నది వేరు ప్రశ్న.

ఇచట మన కర్నూలు జ్ఞప్తికి రాక మానదు. ఎనిమిదేండ్లకే, 1839లో, మన నవాబు గులాం రసూల్ ఖానును కుట్రదారుడని పట్టి తిరుచినాపల్లికి కొనిపోయినారు. మరుసటి ఏడు అచటనే ఆయన హత్యకు గురియైనాడు. మైసూరు రాజునకు ప్రాణము దక్కినది. బిరుదు, భత్యము, అంతఃపురము దక్కినవి. చేయుటకు పని మాత్రము దక్కలేదు. ఊరి నడుమ రాజభవనము, అందులో రాజు. ఉత్తరువులు మాత్రము దొర కచ్చేరినుండి. మార్కు కబ్బన్ ఒక్కడే 1834 నుండి 1861 వరకు ఆ కచ్చేరిని ఏలినాడు.

ఈ ఖాళీ దినములలో కృష్ణరాజు చేసిన పనియే మా వ్యాసమునకు ప్రాణము. ఆయన పేరిట వెలసిన మహాగ్రంథము శ్రీతత్త్వనిధి. అందు శక్తి, విష్ణు, శివ, బ్రహ్మ, గ్రహ, వైష్ణవ, శైవ, ఆగమ, కౌతుక నిధులని తొమ్మిది భాగములు. పని జరిగిన తీరు చూడుడు. పురాణములనుండి, ఆగమములనుండి, తంత్రములనుండి దేవతల రూపము చెప్పు ధ్యానశ్లోకములను ఏరినారు. ఏ చేతిలో ఏ ఆయుధము, మేని రంగేమి, వాహనమేమి అని శ్లోకము చెప్పినట్లు ఆస్థాన చిత్రకారులు బొమ్మ వ్రాసినారు. పండితులు తోడ్పడినారు, కుంచెలు వేరొకరివి, శ్లోకములు ఏనాటివో. మరి రాజుదేమి? ఏరుట, వరుస పెట్టుట, దేని ప్రక్కన దేనిని నిలుపవలెనో నిశ్చయించుట. ఇది కర్తృత్వము కాదనువారు కలరు. మేము వారితో ఏకీభవింపము. ఇరువదవ శతాబ్దపు పాశ్చాత్య కవులు కొందరు పత్రికలనుండి, పాత పుస్తకములనుండి పరుల వాక్యములను ఏరి పేర్చి, దొరికిన కవిత అని దానికి పేరు పెట్టినారు. హారమునకు పూలను తానే పూయించనక్కరలేదని మన మాలకరికి ఏనాడో తెలియును.

తొమ్మిదవదైన కౌతుకనిధి మాకు మరింత ప్రీతికరము. అందు 122 యోగాసనముల చిత్రములున్నవి. పేకాటలును అందే ఉన్నవి: పదమూడు ఆటలు, 36 ముక్కలు మొదలు 360 ముక్కల వరకు. వీనికి చాడ్ అని పేరు. చాముండేశ్వరీ చాడ్ అందొకటి. ఏ ముక్కపై ఏ మూర్తి ఉండవలెనో గ్రంథమే చెప్పుచున్నది.

ఈ ఆట మూలము గంజీఫా. అది పారశీక దేశపు దారిన మన దేశమునకు వచ్చినది. బాబరు 1527లో సింధు ప్రభువు షా హసన్‌కు గంజీఫా ముక్కలు పంపినట్లు తన చరిత్రలో వ్రాసికొన్నాడు. మొగలాయి పేకలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. తాజ్, సఫేద్, షంషేర్, గులాం, చంగ్, సుర్ఖ్, బరాత్, ఖిమాష్ – ఉర్దూ తరగతిలోని మన విద్యార్థులకు వీని అర్థము చెప్పనక్కరలేదు. ఒక్కొక్క రంగునకు పది అంకెల ముక్కలు, ఒక మీర్, ఒక వజీర్. ఆ చట్రములోనికే దశావతారములు వచ్చి కూర్చున్నవి: పది రంగులు, 120 ముక్కలు, పగలు ఆడినచో రాముని రంగుతో, రాత్రి ఆడినచో కృష్ణుని రంగుతో ఆరంభము. మీర్ పోయి రాజు వచ్చెను గాని వజీరు కుర్చీ కదలలేదు. ఎవరు ఎవరివద్ద తీసికొన్నారని ఆడువారెవ్వరును తగవులాడలేదు.

ఐరోపావారు జోస్యమునకు వాడు టారో ముక్కలును 15వ శతాబ్దపు ఇటలీలో ఆటకొరకు పుట్టినవే. జోస్యము 18వ శతాబ్దమున ఫ్రాన్సులో వానికి తగులుకొన్నది. అచట బొమ్మను చూచి దానికి మాట వెదకినారు. మైసూరులో మాట ముందున్నది, బొమ్మ దాని వెంట నడచినది.

చదరంగమునందును రాజు ఆసక్తి అట్టిదే. గుర్రము ప్రతి గడిని ఒక్కసారియే త్రొక్కి పలక అంతయు చుట్టివచ్చు నడకలను ఆయన కట్టినాడు. 9వ శతాబ్దపు ఆలంకారికుడు రుద్రటుడు ఇదే నడకలో శ్లోకాక్షరములను అమర్చినాడు. మన పాఠ్యములలోని చిత్రకవిత్వమునకు అది బంధువే. పరీక్షకొరకు బంధములను కంఠస్థము చేసి మరచిపోవు మన విద్యార్థులు ఒకమారు అరువది నాలుగు గడులు గీసికొని ప్రయత్నింతురుగాక.

తెలుగు ఆ కొలువులో అతిథి కాదు. మన చిత్తూరు సీమనుండి వెళ్లిన మైసూరు సదాశివరాయలు ఆ ఆస్థానమున తెలుగు కృతులు రచించినాడు. 1861లో కట్టించిన జగన్మోహన ప్రాసాదపు గోడలపై రాజు ఇష్టపడిన ఆటల పట్టికలు, చిత్రములు నేటికిని చూడవచ్చును. విహారయాత్రకు మైసూరు పోవు విద్యార్థులు దసరా దీపములు చూచి తిరిగి వచ్చెదరు. ఈ గోడలవద్దను ఒక గంట నిలువవలెను.

రాజ్యము తిరిగి ఇమ్మని రాజు అర్జీలు మానలేదు. 1865లో చామరాజేంద్రుని దత్తత చేసికొన్నాడు. ఆ దత్తపుత్రునికి రాజ్యమీయవలెనని 1867లో ఆంగ్ల ప్రభుత్వము నిర్ణయించినది. 1868 మార్చి 27న కృష్ణరాజు కన్నుమూసినాడు. రాజ్యము 1881లో వచ్చినది, కుమారునికి.

ఇంతకును పేకముక్కల చిత్రకారులకొరకు మనము మైసూరుదాక పోనక్కరలేదు. కోయిలకుంట్లకు చేరువనున్న మన నొస్సం గ్రామమున 19వ శతాబ్దమున గంజీఫా ముక్కలు వ్రాయు చేతులుండినవి. ఆ ముక్కలు విదేశపు వస్తుప్రదర్శనశాలలకు చేరినవి. నొస్సం పాళెగాండ్ర అధికారము 1800 పిదప కుంపినీవారి చేతిలో అణగిపోయినది. శ్లోకములు ఏర్పించుటకు, గోడలపై ఆటలు వ్రాయించుటకు అచట తీరిక గల రాజెవ్వడును మిగలలేదు. ఆ చేతులవారు అచ్చుపేక వచ్చువరకు రంగులు నూరుకొనుచు కూర్చున్నారు.