ఫోన్ తీగ మీద గుండె పరీక్ష.. 120 ఏళ్ల కిందటే చేసి చూపించిన డాక్టర్!

ఛాతీలో కాస్త నొప్పి అనిపించినా ముందు తీసేది ఈసీజీనే. గుండెపోటు వచ్చి ఇంటికెళ్లిన పేషెంట్లకు ఇప్పుడు చాలాచోట్ల నర్సులే ఫోన్ చేసి బీపీ ఎంత, మాత్రలు వేసుకుంటున్నారా, ఆయాసం ఉందా అని అడుగుతున్నారు. అవసరమైతే ఈసీజీ కూడా ఫోన్‌లోనే డాక్టర్‌కు చేరుతోంది. ఈ దారి వేసిన మనిషి విల్లెమ్ ఐంథోవెన్.

1860 మే 21న జావా దీవిలోని సెమరాంగ్‌లో పుట్టారు. అప్పట్లో అది డచ్ వారి పాలనలో ఉండేది. తండ్రి డాక్టర్. చిన్నప్పుడే ఆయన పోయారు. తల్లి పిల్లలందరినీ వెంటబెట్టుకుని 1870లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌కు వచ్చేశారు. విల్లెమ్ అక్కడే వైద్యం చదివారు. పాతికేళ్ల వయసుకే లైడెన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ పదవికి ఎంపికయ్యారు.

గుండె కొట్టుకుంటే కరెంటు పుడుతుందని అప్పటికే తెలుసు. 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ దాన్ని నమోదు కూడా చేశారు. కానీ ఆ గీతలు స్పష్టంగా ఉండేవి కావు. ఐంథోవెన్ పట్టు వదల్లేదు. కరిగిన క్వార్ట్జ్‌ను బాణానికి అంటించి వదిలితే సన్నటి పోగు సాగేది. దానికి వెండి పూత పూసి, బలమైన అయస్కాంతాల మధ్య వేలాడదీశారు. గుండె కరెంటుకు ఆ పోగు కదులుతుంటే, ఆ కదలికను ఫొటో తీశారు. అదే స్ట్రింగ్ గాల్వనోమీటర్. మనం ఈసీజీలో చూసే పీ, క్యూ, ఆర్, ఎస్, టీ పేర్లు ఆయన పెట్టినవే.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. మిషన్ బరువు సుమారు 270 కిలోలు! నడపాలంటే ఐదుగురు కావాలి. దాన్ని ఆస్పత్రికి మోసుకెళ్లడం కుదరదు. మంచం దిగలేని గుండె జబ్బు మనిషిని ల్యాబ్‌కు తేవడమూ ప్రమాదమే. మరి ఏం చేశారు? ఆస్పత్రి నుంచి ల్యాబ్ దాకా ఒకటిన్నర కిలోమీటర్ల టెలిఫోన్ తీగ కలిపారు. 1905లో పేషెంట్ ఆస్పత్రిలోనే ఉండగా, గుండె గీతలు ల్యాబ్‌లో పడ్డాయి. టెలీకార్డియోగ్రామ్ అని దానికి పేరు పెట్టారు.

అయితే తీగ ఒక్కటే సరిపోదు. అవతల పేషెంట్ చేతులు, కాలు ఉప్పునీటి పాత్రల్లో పెట్టించి, కదలకుండా చూసే మనిషి ఉండాల్సిందే. ఇప్పుడు పాత్రలు పోయి అతికించే ప్యాచ్‌లు వచ్చాయి. తీగ పోయి సెల్‌ఫోన్ వచ్చింది. పేషెంట్‌ను పలకరించే మనిషి అవసరం మాత్రం పోలేదు. కాస్త తగ్గగానే మాత్రలు మానేసేవాళ్లను ఆపేది మిషన్ కాదు, ఫోన్ చేసే నర్సే.

1924లో ఐంథోవెన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ టైమ్‌కి ఆయన అమెరికా పర్యటనలో ఉన్నారు. 1927 సెప్టెంబర్ 29న లైడెన్‌లో కన్నుమూశారు. ఇప్పుడు ప్రపంచమంతా వరల్డ్ హార్ట్ డే జరుపుకునేది కూడా సెప్టెంబర్ 29నే. మీ ఇంట్లో గుండెపోటు నుంచి కోలుకుంటున్నవాళ్లు ఉంటే, నర్సు ఫోన్ వచ్చినప్పుడు తప్పకుండా ఎత్తండి. ఛాతీ నొప్పి మళ్లీ వస్తే మాత్రం ఫోన్ కోసం ఎదురుచూడొద్దు, వెంటనే 108కి కాల్ చేయండి.