కాల్షియం రేఖను కొలిచిన హైదరాబాదీ

మన కొంపల్లి దారి వెంట దక్షిణంగా సాగి సికింద్రాబాదు దాటితే బేగంపేట వస్తుంది. ఆ ప్రాంతంలోనే ఒకనాడు నిజామియా వేధశాల గుమ్మటం రాత్రివేళ ఆకాశం వైపు తెరుచుకునేది. నవాబ్ జఫర్ జంగ్ సొంత అభిరుచితో 1901లో నెలకొల్పిన ఆ సంస్థ 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. అక్కడ పనిచేసిన ఒక ఖగోళజ్ఞుని కుమారుడే డాక్టర్ వేణు బాప్పు.

1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించిన బాప్పు పెరిగినది హైదరాబాదులో. చదివినది నిజాం కళాశాలలో. హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో హార్వర్డ్ చేరి, 1949లోనే ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టారు. లోకం ఎక్కువగా చెప్పుకునేది ఆ తోకచుక్కనే. మా దృష్టిలో ఆయన అసలు ఘనత వేరు.

1952లో డాక్టరేటు పొందిన పిదప ఆయన కాలిఫోర్నియాలోని విల్సన్, పాలొమార్ వేధశాలలకు వెళ్లారు. చల్లని నక్షత్రాల వర్ణపటంలో 3933 ఆంగ్‌స్ట్రాముల వద్ద కాల్షియం అయాను వల్ల ఏర్పడే నల్లని కె రేఖ ఉన్నది. దాని నడుమ సన్నని వెలుగు కనిపిస్తుంది. ఆ వెలుగు ఎక్కడిది? నక్షత్రపు పై పొరయైన వర్ణావరణంలో ఎలక్ట్రాన్లు కాల్షియం అయాన్లను ఢీకొంటాయి. ఆ తాకిడికి అయాను పై శక్తిస్థాయికి ఎగసి, తిరిగి దిగునపుడు కాంతిని విడుస్తుంది. ఎగయుటకు కావలసినది 3.15 ఎలక్ట్రాన్ వోల్టులు. 6,000 డిగ్రీల వేడిలో ఎలక్ట్రాన్ల సగటు శక్తి సుమారు 0.8 మాత్రమే, కనుక అతివేగంగా పోయే కొద్దిపాటి ఎలక్ట్రాన్లకే ఆ పని సాధ్యం. అయానుకు ధనావేశం ఉండుట వల్ల అది ఎలక్ట్రానును తనవైపు లాగుకొనును. అందుచేత తాకిడి సంభావ్యతను ఒక్కొక్క శక్తి వద్ద విడివిడిగా గణించి, వేగాలన్నిటికీ సగటు కట్టాలి. లండన్‌లో సీటన్ వంటివారు జీవితకాలం వెచ్చించిన గణితమిది.

ఆ లెక్కలు పక్వానికి రాకముందే ఓలిన్ విల్సన్, బాప్పు కలిసి ఫోటో పలకలపై ఆ వెలుగు వెడల్పును ఓపికగా కొలిచారు. 1957లో వెలువడిన ఫలితం అందరినీ ఆశ్చర్యపరచింది. రేఖ తీవ్రత ఎంతైనా కానీ, దాని వెడల్పు నక్షత్రపు నిజ ప్రకాశాన్ని తెలుపుతున్నది! ప్రకాశం పది లక్షల రెట్లు పెరిగితే వెడల్పు సుమారు పది రెట్లు పెరుగుతుంది. నిజ ప్రకాశం తెలిసిన నక్షత్రానికి దూరం కట్టుట సులభమే. వెడల్పుకు మూలకారణమేమన్న చర్చ మాత్రం దశాబ్దాలు సాగింది.

అంతటి సాధనాలను విడిచి ఆయన 1953లో స్వదేశానికి వచ్చారు. ఇక్కడ ఆనాటికి చెప్పుకోదగిన దూరదర్శిని లేదు. వారణాసి, నైనీతాల్‌లలో ఉత్తరప్రదేశ్ వేధశాలను తీర్చి, 1960లో కొడైకెనాల్ సంచాలకులయ్యారు. అక్కడా కె రేఖను విడువలేదు. సూర్యునిపై ఏ భాగం ఆ వెడల్పునిస్తున్నదని వెదకి, అది సన్నని ప్రకాశవంతమైన మచ్చలదేనని శివరామన్‌తో కలిసి 1971లో ప్రకటించారు. అదే ఏట భారత ఖగోళభౌతిక సంస్థ ఏర్పడింది.

తమిళనాడులోని కావలూరు కొండల్లో మన దేశంలోనే తయారైన 93 అంగుళాల దూరదర్శినిని నిలపాలన్నది ఆయన సంకల్పం. 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షులైన బాప్పు, ఆ పదవిలో ఉండగానే, 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో హృదయ శస్త్రచికిత్స అనంతరం కన్నుమూశారు. దూరదర్శిని పూర్తయి 1986 జనవరిలో ఆయన పేరు ధరించింది.